పది రూపాయల బిళ్లతో మొదలుపెట్టండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే సరిదిద్దండి. మీకు ఇరవై నాలుగేళ్లు, సింగరాయకొండలో ఉంటారు. ఏడాదిగా ఫోనులో క్లోజప్ మ్యాజిక్ (ఎదురుగా, దగ్గరగా కూర్చున్నవాళ్ల ముందు చేసే గారడీ) వీడియోలు చూస్తున్నారు. మూడు వేలు పెట్టి ఒక కిట్టు తెప్పించుకున్నారు. రెండు నెలలు తలుపు వేసుకుని సాధన చేశారు. తీరా స్నేహితుల ముందు చేస్తే నాలుగుసార్లలో మూడుసార్లు దొరికిపోయారు. ఇప్పుడు అడుగుతున్నవి మూడు: ఏ ట్రిక్కుతో మొదలుపెట్టాలి, నెల్లూరులోనో ఒంగోలులోనో నేర్పే సంస్థ కోసం వెతకాలా, చేతులు చిన్నవి కాబట్టి ఈ విద్య మీకు అబ్బదా.

సూటిగా చెబుతాను. కిట్టును అటకెక్కించండి. ఒక పది రూపాయల బిళ్ల తీసుకోండి. దాన్ని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి నిజంగా మార్చడం వారం రోజులు నేర్చుకోండి. మాయం చేయడం కాదు, మార్చడం. ఆ తర్వాతే మాయం సంగతి. మొదటి మూడు నెలలకు మూడు ట్రిక్కులు చాలు: ఒకటి బిళ్లతో, ఒకటి రబ్బరు బ్యాండుతో, ఒకటి పేకముక్కలతో. సంస్థ కోసం ఆగవద్దు. చేతుల సైజు గురించి చివర్లో చెబుతాను, అది మీరు భయపడినంత విషయం కాదు.

నా సంగతి రెండు ముక్కల్లో. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ఆరేడు ఊళ్లలో బ్యాంకు క్యాషియర్‌గా ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ విద్యలో దిగి ముప్పై ఏళ్లయింది. స్టేజీ ఎక్కింది మహా అయితే పదిసార్లు. మిగిలినదంతా పెళ్లి పందిట్లో భోజనాల తర్వాత, పుట్టినరోజుల్లో, రైలు ఆలస్యమైనప్పుడు స్టేషన్లలో, మూరెడు దూరంలో కూర్చున్న మనుషుల ముందే.

మొదటి రెండేళ్లు నేనూ మీలాగే దొరికిపోయేవాణ్ణి. కారణం నాకు చెప్పింది ఏ మాంత్రికుడూ కాదు, మా బ్రాంచిలో అటెండరుగా పనిచేసిన పెద్దాయన. మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళ ఆయన ముందు ఒక బిళ్లను మాయం చేశాను. ఆయన పప్పన్నం కలుపుకుంటూనే, "సార్, పొద్దుటినుంచి ఆ చేతులతోనే లక్షలు లెక్కపెట్టారు. ఒక్కరైనా మీ చేతుల వంక చూశారా? ఇప్పుడు బిళ్ల పట్టుకోగానే చెయ్యి కర్రలాగా బిగుసుకుపోయింది. అందుకే అటు చూశాను. ఆ కుడిచేతిలోనే ఉంది కదా?" అన్నారు.

మర్నాడు కౌంటర్లో కూర్చుని నా చేతుల్ని నేనే గమనించుకున్నాను. చిల్లరను కుడిచేత్తో తీసి ఎడమ అరచేతిలో వేసుకునేటప్పుడు ఎడమచెయ్యి ముందుగానే పైకి లేచి దొప్పలాగా వంగుతోంది. బిళ్ల పడిందో లేదో, కుడిచెయ్యి తన దారిన తాను పోతోంది. చూపు బిళ్ల వెంటే వెళుతోంది. ట్రిక్కు చేసేటప్పుడు నేను చేస్తున్నది అన్నిటా దీనికి విరుద్ధం. ఎడమచెయ్యి ఎక్కడో కింద ఉండి బిళ్ల కోసం ఎదురుచూసేది. కుడిచెయ్యి దొంగసొత్తు దాచుకుని అక్కడే గడ్డకట్టేది. నా చూపు ఆ కుడిచేతి మీదే ఉండేది. చూసేవాళ్లకు గుట్టు తెలియనక్కర్లేదు. ఈ మనిషి మామూలుగా లేడన్న సంగతి తెలిస్తే చాలు, మిగిలింది వాళ్లే ఊహించుకుంటారు.

కాబట్టి మీరు దొరికిపోవడానికి కారణం చెయ్యి నెమ్మదిగా కదలడం కాదు. చేతివేగం వల్ల కన్ను మోసపోతుందని అందరూ అనుకుంటారు. గబుక్కున కదిలిన చేతి మీదికే కన్ను ముందుగా పోతుంది. నిజం పని ఎలా ఉంటుందో మీ చేతికి తెలియకపోతే, దొంగపనిని దానిలాగా చేయడం దాని వల్ల కాదు. మీరు రెండు నెలలు దొంగపనినే సాధన చేశారు, నిజం పనిని ఒక్కసారి కూడా చేసి చూసుకోలేదు. వీడియోలలో ఈ ముక్క చెప్పరు, చెబితే వినేవాళ్లకు విసుగు.

ఇక పద్ధతి. కుడి అరచెయ్యి పైకి పెట్టి, మధ్యవేలు, ఉంగరపు వేలు మొదళ్ల దగ్గర బిళ్లను ఉంచండి. ఆ రెండు వేళ్లను కొద్దిగా వంచితే చాలు, చెయ్యి బోర్లించినా బిళ్ల పడదు. దీన్ని ఫింగర్ పామ్ అంటారు. అరచేతి నడుమ కండల మధ్య బిళ్లను ఇరికించే మరో పద్ధతి ఉంది, దాని జోలికి ఈ ఏడాది పోవద్దు. ఫింగర్ పామ్‌లో ఉన్న గొప్పతనం ఏమిటంటే, ఊరికే వేలాడుతున్న మనిషి చేతివేళ్లు సహజంగానే అంత వంపులో ఉంటాయి. అద్దం ముందు చేతులు వదిలేసి నిలబడి చూసుకోండి.

ఇప్పుడు మార్పు. ఎడమచెయ్యి తెరుచుకుని నడుము ఎత్తులో పైకి వస్తుంది. కుడిచెయ్యి దాని మీదికి బోర్లుతుంది. నిజం మార్పులో బిళ్ల జారి ఎడమచేతిలో పడుతుంది, వేళ్లు దాని మీద మూసుకుంటాయి, కుడిచెయ్యి పక్కకు దిగిపోతుంది. దొంగమార్పులో తేడా ఒక్కటే, కుడిచేతి రెండు వేళ్లు బిళ్లను వదలవు. మిగిలినదంతా అదే. ఎడమ పిడికిలి కూడా లోపల బిళ్ల ఉన్నంత లావుగానే ఉండాలి. ఖాళీ పిడికిలిని గట్టిగా బిగిస్తే చిన్నదైపోతుంది, చూపరులు ఆ తేడాను పట్టేస్తారు.

సాధన లెక్క నాది ఇలా ఉండేది: పదిసార్లు నిజం, ఒకసారి దొంగ. మళ్లీ పదిసార్లు నిజం. మొదటి వారం దొంగమార్పు అసలు వద్దు. పొద్దున పావుగంట, రాత్రి పావుగంట చాలు. ఒకేసారి రెండు గంటలు కూర్చుంటే చెయ్యి అలసిపోయి తప్పులకు అలవాటు పడుతుంది. మధ్యలో మాత్రం బిళ్లను వేళ్లలో దాచుకుని మామూలు పనులు చేసుకోండి. కాఫీ తాగండి, తలుపు గడియ తీయండి, ఫోను ఎత్తండి. నేను ఆదివారం మొత్తం బిళ్ల వేళ్లలో ఉంచుకుని ఇంట్లో తిరిగేవాణ్ణి. మా ఆవిడ కూరగాయల సంచి అందిస్తే ఆ చేత్తోనే అందుకునేవాణ్ణి. మూడో నెలకు బిళ్ల ఉన్న సంగతి నేనే మరిచిపోయి స్నానానికి వెళ్లాను. చేతికి కావలసింది అదే మరుపు.

దొంగమార్పు కుదిరాక పిడికిలి వెంటనే తెరవవద్దు. కొత్తవాళ్లందరూ చేసే పని అది. బిళ్లను దాచింది ఒక క్షణం, మాయమైనట్టు చూపించేది మరో క్షణం. ఆ రెండింటి మధ్య ఎంత ఎడం పెడితే చూపరుల లెక్క అంత తప్పుతుంది. ఒక ప్రశ్న అడగండి. "మీదే ఊరు?" అన్నా సరే. అడిగినప్పుడు ఎదుటి మనిషి కళ్లలోకి చూడండి, వాళ్లు తిరిగి మీ కళ్లలోకే చూస్తారు. ఆ మూడు సెకన్లు మీ కుడిచెయ్యికి సెలవు. జేబురుమాలు కోసమో పెన్ను కోసమో జేబులోకి వెళ్లి, బిళ్లను వదిలేసి, పెన్నుతో తిరిగి వస్తుంది. పెన్నుతో పిడికిలిని తట్టి అప్పుడు తెరవండి. పెన్ను ఎందుకు తీశారన్నదానికి కారణం కనిపించింది కాబట్టి జేబు సంగతి ఎవరికీ గుర్తుండదు. (పంచె కట్టుకుని సాధన చేయవద్దు. నాకు ఆ అలవాటు ఉండేది. తీరా పందిట్లో ప్యాంటు వేసుకుని నిలబడితే నా చెయ్యి లేని జేబు కోసం చొక్కా మీద వెతుక్కుంది.)

ఇంకొకటి. "చూడండి, ఈ చేతిలో ఏమీ లేదు" అనవద్దు. ఎవరూ అడగలేదు కదా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. అనుమానం లేనిచోట మీరు రుజువు చూపిస్తే అనుమానాన్ని మీరే నాటినట్టు.

బిళ్ల ఏది అన్న సందేహం వస్తుంది. పుస్తకాలలో కనిపించే అమెరికా అర డాలరు వ్యాసం 30 మిల్లీమీటర్లు దాటుతుంది. మన దగ్గర ఇప్పుడు చెలామణిలో ఉన్నవాటిలో దానికి దగ్గరగా వచ్చేది పది రూపాయల బిళ్ల, 27 మిల్లీమీటర్లు. రెండు రంగుల లోహం కాబట్టి దూరానికి కూడా బాగా కనిపిస్తుంది. పాత ఐదు రూపాయల లావు బిళ్ల బరువుగా ఉన్నా సైజు చిన్నది, వేళ్ల మధ్య తిరిగిపోతుంది. నేను వాడేది 1980 నాటి రూపాయి బిళ్ల, 28 మిల్లీమీటర్లు, అంచు గరుకుగా ఉండి వేళ్లకు పట్టు దొరుకుతుంది. కానీ చూపరులకు అది ఎరగని బిళ్ల, "ఇదేదో ప్రత్యేకంగా చేయించినది" అంటారు. వాళ్ల జేబులోంచే అడిగి తీసుకోగలిగిన బిళ్లతో చేసే ట్రిక్కుకు ఉన్న బలం మరి దేనికీ లేదు. మన అంగళ్లలో చాలాకాలం పది రూపాయల బిళ్ల చెల్లదని తిప్పికొట్టారు. రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని ప్రకటించినా కొందరికి నమ్మకం కుదరలేదు. కౌంటర్లో ఆ మాట చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. అంత అపనమ్మకం మోసిన బిళ్ల ఈ పనికి మాత్రం బంగారం.

సాధన చేసే చోట కింద మెత్తటి గుడ్డ పరుచుకోండి. మన ప్రాంతంలో ఇంటి అరుగు నుంచి వంటగట్టు దాకా చీమకుర్తి గ్రానైటే. దాని మీద బిళ్ల పడితే నాలుగు ఇళ్లకు వినపడుతుంది, మీరు రోజుకు నలభైసార్లు పడేస్తారు. పాత దుప్పటి ముక్క చాలు. మంచం మీద కూర్చుని చేస్తే ఇంకా మంచిది, వంగి ఏరుకునే పని ఉండదు.

రబ్బరు బ్యాండు ట్రిక్కు ఐదు నిమిషాల్లో వస్తుంది. బ్యాండును చూపుడువేలికి, మధ్యవేలికి తగిలించి అరచేతి వైపు లాగండి, పిడికిలి మూసేటప్పుడు నాలుగు వేళ్ల కొసలూ ఆ బ్యాండు లోపలికి దూర్చండి. వేళ్లు చాపగానే అది చిటికెనవేలు, ఉంగరపు వేలి మీదికి దూకుతుంది. మందుల అంగట్లో, పూలంగట్లో ఎక్కడైనా బ్యాండు దొరుకుతుంది. మీరు నేర్చుకోవలసింది దూకించడం కాదు, దూకించే ముందు చెప్పే మాట. నేను పిల్లలకు గూడూరు స్టేషన్లో రైలు పట్టాలు మారిన కథ చెబుతాను. మీ కథ మీరు కట్టుకోండి. మన ఎండలకు బ్యాండ్లు జేబులోనే కరిగి తెగిపోతాయి, నాలుగు ఉంచుకోండి.

పేకముక్కల సంగతి వేరు. ప్రపంచంలో క్లోజప్ మ్యాజిక్ అంటే సగం పేకే. కానీ మన ఇళ్లలో పేక కట్ట కనపడగానే తల్లిదండ్రుల ముఖం మారుతుంది, వాళ్లది తప్పు కాదు, పేకాటలో పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలను వాళ్లు చూసి ఉంటారు. ముందు ఇంట్లోవాళ్లకే ఒక ట్రిక్కు చూపించి ఇది పేకాట కాదని తేల్చుకోండి. బస్టాండులో, ప్లాట్‌ఫారం మీద పేక విప్పకండి. 1974 నాటి గేమింగ్ చట్టం పట్టేది డబ్బు పెట్టి ఆడే ఆటనే, ట్రిక్కును కాదు. కానీ సంక్రాంతి వారంలో మీ చుట్టూ పదిమంది మూగి ఉండగా వచ్చిన కానిస్టేబులుకు ఆ తేడా వివరించే పని మీదే అవుతుంది. నేను ఒకసారి వివరించాను. ఆయనకు ఒక ట్రిక్కు చూపించాక గాని నన్ను వదల్లేదు.

మొదటి పేక ట్రిక్కుకు చేతివిద్య ఏమీ అక్కర్లేదు. కట్ట అడుగున ఉన్న ముక్కను ఎవరూ చూడకుండా చూసి పెట్టుకోండి, ఇస్పేటు ఆసు అనుకుందాం. ఎదుటివాళ్లను ఒక ముక్క తీసి చూసుకుని కట్ట పైన పెట్టమనండి. కట్టను రెండుగా ఎత్తి కిందిది పైకి పెట్టించండి. ఇప్పుడు వాళ్ల ముక్క మీదే మీ ఇస్పేటు ఆసు కూర్చుంటుంది. అలా ఎన్నిసార్లు ఎత్తి పెట్టినా ఆ వరస చెదరదు, చక్రం తిప్పినట్టే. కట్ట పైనుంచి ముక్కలు ముఖం పైకి పెట్టి ఒక్కొక్కటే పంచుతూ పోతే ఇస్పేటు ఆసు తర్వాత వచ్చేది వాళ్లదే. అక్కడ ఆగకండి. ఇంకో నాలుగు ముక్కలు దాటిపోయాక, చెయ్యి పట్టుకోమని, నాడి చూస్తున్నట్టు వెనక్కి రండి.

దీనికి మన దగ్గర ఒక ప్రమాదం ఉంది. నెల్లూరులో ముగ్గురిలో ఇద్దరికి రమ్మీ వచ్చు. పేక చేతికి అందిందంటే చాలు, వాళ్ల చేతులు వాటంతట అవే కలిపేస్తాయి. కలిపితే మీ ఇస్పేటు ఆసు ఎటో పోతుంది. అందుకే ట్రిక్కుకు ముందే వాళ్ల చేతికిచ్చి తృప్తిగా కలపనివ్వండి, తీసుకునేటప్పుడు అడుగు ముక్క చూసుకోండి. ఒకసారి కలిపినవాడు రెండోసారి అడగడు. ముక్కలు అంగట్లో దొరికే పల్చటి కాగితానివి వద్దు, పది రోజుల్లో అంచులు పోతాయి. పోకర్ సైజు ముక్క వెడల్పు 63 మిల్లీమీటర్లు, బ్రిడ్జి సైజు 57. చిన్న చేతులకు రెండోది హాయి.

సాధన అద్దం ముందు మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగిపోకండి. అద్దం ఒక తప్పును ఎప్పటికీ చూపించదు. దొంగపని చేసే క్షణంలో చాలామంది కళ్లు మూసేస్తారు. మూసిన కళ్లకు అద్దంలో ఏం కనిపిస్తుంది? ఫోనులో తీసుకుని చూస్తే మీ కనురెప్పే మిమ్మల్ని పట్టిస్తుంది. నాకు ఆ సంగతి తెలిసేసరికి పదిహేనేళ్లు అలాగే గడిచిపోయాయి, అప్పట్లో చేతిలో కెమెరా ఫోను లేదు మరి.

ఫోను కూడా ఎదురుగానే ఉంటుంది, మనుషులు అలా ఉండరు. మనవాళ్లు చాప మీద అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు, పిల్లలు వెనక్కి చేరతారు. ఒక ఏడాది రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టు మీద, రొట్టెలు మార్చుకోవడానికి వచ్చిన ఒక కుటుంబం ముందు బిళ్ల మాయం చేశాను. వాళ్లు నోరు తెరిచారు. ఇంతలో నా వీపు వెనకనుంచి ఒక గొంతు: "అమ్మా, బిళ్ల ఆ మామయ్య ఈ చేతిలోనే ఉంది!" ఆరేళ్లు ఉంటాయేమో వాడికి. అప్పటినుంచి గోడకు వీపు ఆనించి గాని మొదలుపెట్టను. మా చిన్నప్పుడు సంతలో గారడీవాళ్లు ఈ కష్టాన్ని ఎలా దాటేవారో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. చుట్టూ జనం, కింద మట్టి, బొడిపె ఉన్న మూడు చిన్న గిన్నెలు, గుడ్డతో చుట్టిన ఉండలు. ఆ బొడిపెను రెండు వేళ్ల సందున పట్టుకుని గిన్నె ఎత్తే పద్ధతి మన దేశపు గారడీవాళ్లదే. బల్ల లేదు, పరదా లేదు. క్లోజప్ మ్యాజిక్ అన్న ఇంగ్లీషు పేరు మనకు కొత్త గాని, ఆ విద్య మన సంతకు కొత్తది కాదు.

మొదటి చూపరులుగా స్నేహితులను ఎంచుకున్నారు, అది రెండో తప్పు. స్నేహితుడు ట్రిక్కు చూడడు, మిమ్మల్ని పట్టుకోవాలని చూస్తాడు. టీ అంగడి యజమానికి చూపించండి, పక్కింటి తాతగారికి చూపించండి, పెళ్లిలో తాంబూలం కోసం ఆగిన పరాయి మనిషికి చూపించండి. వాళ్లకు మీతో పందెం ఏమీ లేదు. ఒక్క ట్రిక్కు చూపించి మాట మార్చేయండి. మూడు చూపించాలన్న ఆత్రం వద్దు.

ఎవరో ఒకరు "మళ్లీ చెయ్యండి" అంటారు. చేయవద్దు. రెండోసారి వాళ్లకు ఎక్కడ చూడాలో తెలుసు. మూడుసార్లు చూస్తే ఏ గారడీనైనా పట్టేస్తానని అమెరికాలో పేరుమోసిన మాంత్రికుడు హౌడినీ చెప్పుకునేవాడు. 1922లో చికాగోలో డై వెర్నన్ అనే యువకుడు ఆయన ముందు ఒక పేక ట్రిక్కును మళ్లీ మళ్లీ చేశాడు, సంతకం పెట్టిన ముక్క ప్రతిసారీ కట్ట పైకే వచ్చేది. హౌడినీ పట్టలేకపోయాడు. వెర్నన్‌కు ఆ పేరు బతికినంతకాలం ఉండిపోయింది. మనం వెర్నన్‌లం కాదు. "ఇంకోటి చూపిస్తాను" అని రబ్బరు బ్యాండు తీయండి. దొరికిపోతే మాత్రం దాచకండి, వాదించకండి. "బాగా పట్టారండీ" అని నవ్వేస్తే పట్టుకున్నవాడే తర్వాతి ట్రిక్కుకు మీ పక్షాన ఉంటాడు.

ఎక్కడ చేయకూడదో కూడా చెప్పాలి. ఒకసారి కౌంటర్లో ఒక రైతు చిల్లర అందుకుంటుంటే సరదాకు ఒక బిళ్లను మాయం చేశాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు ఆయన కట్టింది పంట రుణం బాకీ. బిళ్లను తిరిగి చేతిలో పెట్టినా, మిగిలిన డబ్బంతా మూడుసార్లు లెక్కపెట్టుకుని వెళ్లాడు. మేనేజరు సాయంత్రం పిలిచి మందలించారు, తప్పు నాదే. ఎదుటివాళ్ల డబ్బు, నగ, మందు, వీటితో వాళ్లు కంగారుపడే వేళ ట్రిక్కు వద్దు. అలాగే బిళ్ల మింగినట్టు చేసే ట్రిక్కు పసిపిల్లలున్న ఇంట్లో ఎప్పుడూ వద్దు, మీరు వెళ్లిపోయాక వాళ్లు నిజంగా మింగుతారు.

మరొక చేదు అనుభవం. కనిగిరి వైపు ఒక పల్లెలో చుట్టాల ఇంట్లో పేక ట్రిక్కు చేశాను, మనసులో ముక్క చెప్పేశానని అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఒకామె వచ్చి కూర్చుంది. "అన్నయ్యా, మా గొలుసు ఎవరు తీశారో చెప్పు, నీకు తెలుస్తుందంట" అంది. అరగంట పట్టింది, అది చేతిపని తప్ప నాలో ఏ శక్తీ లేదని ఒప్పించడానికి. చివరికి గుట్టు కూడా విప్పి చూపించాను, ఆ ఒక్కసారి అలా చేసినందుకు నాకు చింత లేదు. ఇదే విద్యతో విభూతి రాల్చి బతికేవాళ్లు ఉన్నారు. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊళ్లలో అలాంటివాటి గుట్టు విప్పే ప్రదర్శనలు ఇస్తారు, మీ దగ్గరికి వస్తే తప్పక చూడండి. చేతిపని ఎంత మామూలుగా కనిపించాలో అక్కడ కూడా నేర్చుకోవచ్చు.

నేర్పేవాళ్ల సంగతి. గురువు దొరికితే అదృష్టమే, ముఖ్యంగా మీ తప్పు చూసి చెప్పే మనిషి. పూర్తిస్థాయి చదువులాగా కావాలంటే కేరళ మాంత్రికుడు గోపీనాథ్ ముత్తుకాడ్ 1996లో తిరువనంతపురంలో పెట్టిన మ్యాజిక్ అకాడమీ పేరు మన దేశంలో మొదట చెబుతారు. కానీ ఆరంభానికి అంత దూరం పోనక్కర్లేదు. ఇంగ్లీషు కొద్దిగా చదవగలిగితే బిళ్లలకు బోబో రాసిన 1952 నాటి పుస్తకం, అన్నిటికీ కలిపి మార్క్ విల్సన్ 1975లో తెచ్చిన కోర్సు పుస్తకం, ఈ రెండూ ఏళ్లకు సరిపోతాయి. పుస్తకం నెమ్మదిగా నేర్పుతుంది, అదే దాని మేలు. వీడియో చూస్తే ఆ మనిషి చేతి కదలికే మీకు అంటుకుంటుంది, మీ చెయ్యి మీది కాకుండా పోతుంది. పైగా వీడియోలలో కెమెరా ఒకే కోణంలో ఉంటుంది, కోతలు ఉంటాయి. మీ ముందు కూర్చునే మనిషికి కోతలు లేవు. తెలుగువాళ్లలో బి.వి. పట్టాభిరామ్ గారు ఇంద్రజాలంతో మొదలై మనస్తత్వశాస్త్రం వైపు వెళ్లారు. నాకు అది వింతగా అనిపించలేదు. ఎదుటి మనిషి ఎప్పుడు ఎటు చూస్తాడన్నది తెలుసుకోవడమే ఈ విద్యలో మూడొంతులు.

మీ కిట్టులో స్పాంజి ఉండలు ఉంటే అవి మాత్రం దింపుకోండి, ఆరు నెలల తర్వాత పనికొస్తాయి. నొక్కితే నలిగిపోతాయి కాబట్టి దాచడం తేలిక, పిల్లల పిడికిట్లో పెట్టి రెండు చేస్తే వాళ్ల ఆనందానికి అంతుండదు. మిగిలిన ప్లాస్టిక్ డబ్బాలు చూడగానే ఇందులో ఏదో ఉంది అనిపించే వస్తువులు. అటక మీదే ఉండనివ్వండి.

చిన్న చేతులు అన్నారు. ఫింగర్ పామ్‌కు కావలసింది రెండు వేళ్ల వంపు, పొడవు కాదు. నాతో పెళ్లిళ్లకు వచ్చే ఒక అమ్మాయికి ఐదు రూపాయల బిళ్ల కూడా పెద్దదిగా కనిపించే చేతులు. గాజులు చప్పుడు చేస్తాయని తీయబోతే, తీయవద్దన్నాను. తీస్తే ఏదో చేయబోతోందని తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ గాజుల చప్పుడు చెయ్యి జేబులో దూరినప్పుడు కాకుండా, తాను కోరినప్పుడు వినిపిస్తుంది. మీకు నిజంగా ఇబ్బంది పెట్టేది చేతి తడి. ఏసీ హాల్లో చెయ్యి ఎండిపోయి బిళ్ల జారుతుంది, రోహిణి కార్తెలో చెమటకు పేకముక్కలు అంటుకుంటాయి. మొదటిదానికి అరచేతిలోకి ఒకసారి ఊదుకోవడం, రెండోదానికి జేబురుమాలు.

ఇక రేపటి పని. బిళ్లతో వారం నిజం మార్పులు, ఆ పైన రెండు వారాలు పదికొకటి చొప్పున దొంగమార్పు. తర్వాత ఫోను నిలబెట్టి, వరసగా పదకొండు మార్పులు చేసి రికార్డు చేయండి. అందులో ఒకటే దొంగది. మాటలు ఉండకూడదు, ఎక్కడా ఆగకూడదు. అది మీ అమ్మగారికి చూపించి ఏది దొంగదో చెప్పమనండి. ఆవిడ ఎన్నో నంబరు చెప్పారో, నిజానికి అది ఎన్నోదో, రెండూ ఇక్కడ రాయండి. ఆ రెండు అంకెలు చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను.